తిన్నది ఒంటికి పట్టాలంటే

బోరబండ వైపు ఒక బస్తీలోని అంగన్‌వాడీలో పిల్లల ఎత్తులు, బరువులు రాసే రోజది. నేను అప్పుడప్పుడూ వెళ్లి టీచరుకు రిజిస్టరులో అంకెలు ఎక్కించడంలో సాయం చేస్తుంటాను. గోడకు అతికించిన స్కేలు ముందు పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. నాలుగేళ్లు దాటిన ఒక బాబు వంతు వచ్చింది. మడమలు గోడకు ఆనించి బుద్ధిగా నిలబడ్డాడు. తల మీద అట్ట పెట్టి గీత చూద్దామని నేను చెయ్యి పైకెత్తాను. అంతే, వాడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కూలబడిపోయాడు. ఏడవలేదు. కళ్లు గట్టిగా మూసుకుని, దెబ్బ ఎప్పుడు పడుతుందా అని చూస్తున్నట్టు అలాగే ఉండిపోయాడు.

వాళ్లమ్మ పక్కనే ఉంది. "వానికి భయం మేడమ్" అని ఊరుకుంది. కాసేపయ్యాక తనే అంది: "మస్తు తింటడు మేడమ్. ఈడ పెట్టే గుడ్డు, అన్నం ఏదీ ఇడిసిపెట్టడు. ఏం తిన్నా ఒంటికి పడ్తలేదు."

ఆమె చెప్పింది నిజమే. గ్రోత్ చార్టులో మూడు నెలల చుక్కలు కలిపితే గీత పైకి ఎక్కకుండా బల్లపరుపుగా పోతోంది. వయసుకు ఉండాల్సిన ఎత్తు కంటే బాగా తక్కువ. కడుపులో పురుగులకు మందు వేశారు, బస్తీ దవాఖానాలో రక్తపరీక్ష చేయించారు, దిష్టి తీశారు, మెడలో తాయెత్తు కూడా ఉంది.

"ఒంటికి పట్టడం" అనే మాట ఎంత లోతైనదో ఆ పూట తెలిసొచ్చింది. తినడం వేరు, తిన్నది ఒంటికి పట్టడం వేరు అని మన పెద్దవాళ్లకు ఎప్పుడో తెలుసు. కంచం ముందు కూర్చున్న పిల్లల్ని తిట్టొద్దని, ఏడిపిస్తూ ముద్దలు పెట్టొద్దని మా నాయనమ్మ ఇంట్లో అందరినీ కసురుకునేది. పిల్లల మీద హింస గురించి మాట్లాడేటప్పుడు మనం ఎక్కువగా మనసు గురించే మాట్లాడతాం. చిన్నపిల్లాడు కదా, పెద్దయ్యాక మర్చిపోతాడులే అని సర్దిచెప్పుకుంటాం. కానీ ఆ హింస ఎముకల పొడవులో, నిద్రలో, మెదడు అల్లికలో, నలభై ఏళ్ల తర్వాత వచ్చే గుండెజబ్బులో కూడా లెక్క తేలుతుంది. అది లోపలికి ఎలా దిగుతుందో, ఎలా వెనక్కి వస్తుందో నాకు అర్థమైనంత వరకు విడమరిచి చెప్పాలని ఈ వ్యాసం.

హింస అంటే ఒక్క కొట్టడమే అనుకోకూడదు. లైంగిక వేధింపు, మాటలతో చిన్నబుచ్చడం, భయపెట్టడం, తిండి, వైద్యం, పలకరింపు అందకుండా గాలికొదిలేయడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. ఇంట్లో అమ్మ దెబ్బలు తింటుంటే చూస్తూ పెరగడం కూడా.

ఇప్పుడు ఒక పాత కథ చెప్పాలి, ఎందుకంటే మా నాయనమ్మ మాటకు ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు ఎక్కడా దొరకలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక, 1948లో, బ్రిటిష్ సైన్యం అధీనంలో ఉన్న జర్మనీ ప్రాంతంలో రెండు అనాథాశ్రమాలు ఉండేవి. ఒకదాని పేరుకు పిట్టగూడు అని, రెండోదాని పేరుకు తేనెటీగల ఇల్లు అని అర్థం. ఒక్కో దాంట్లో యాభై మంది దాకా పిల్లలు. అందరికీ అవే రేషన్ కార్డులు, అదే తిండి. ఎల్సీ విడోసన్ అనే బ్రిటిష్ పోషకాహార శాస్త్రవేత్త ఆ పిల్లల ఎత్తు, బరువు క్రమం తప్పకుండా కొలిచేది. మొదటి ఆరు నెలలు ఎవరికీ అదనంగా ఏమీ పెట్టలేదు. అయినా పిట్టగూడు పిల్లలు బాగా బరువు పెరిగారు, తేనెటీగల ఇంటి పిల్లలు వెనకబడ్డారు.

ఆరు నెలల తర్వాత పిట్టగూడు పిల్లలకు అదనంగా రొట్టె, జామ్, నారింజ రసం ఇవ్వడం మొదలుపెట్టారు. వీళ్లు ఇంకా దూసుకుపోవాలి కదా. జరిగింది తలకిందులు. అదనపు తిండి తిన్న పిల్లలు వెనకబడ్డారు, మామూలు రేషన్ తిన్న రెండో ఇంటి పిల్లలు వాళ్లను దాటిపోయారు. విడోసన్ ఆరా తీస్తే కారణం వార్డెన్ దగ్గర తేలింది. మొదటి ఆరు నెలలు తేనెటీగల ఇంటికి ష్వార్జ్ అనే ఆవిడ పెద్దగా ఉండేది. చాలా కఠినురాలు. సరిగ్గా భోజనాల వేళ చూసుకుని అందరి ముందూ పిల్లల్ని నిలదీసేది. ఆవిడ తిట్లు అయ్యేసరికి గిన్నెల్లో సూపు చల్లారిపోయేది, పిల్లల్లో కొందరు ఏడుస్తూ ఉండేవారు. అదనపు తిండి మొదలైన సమయానికే ఆవిడను పిట్టగూడుకు మార్చారు. తిండి, తిట్లు ఒకేసారి వచ్చాయి, తిట్లే గెలిచాయి. ఆవిడ తనతో పాటు తీసుకెళ్లిన ఎనిమిది మంది ముద్దుల పిల్లలు మాత్రం రెండుచోట్లా బాగానే పెరిగారు. 1951లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో విడోసన్ ఇదంతా రాసింది.

మరి తిట్టు కడుపు దాటి ఎముక దాకా ఎలా పోతుంది?

పిల్లాడికి భయం వేసినప్పుడు మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. అది మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులకు చెబుతుంది. అక్కడినుంచి కార్టిసాల్ అనే హార్మోన్ రక్తంలోకి దిగుతుంది. ఇది మంచి ఏర్పాటే. కుక్క వెంటపడితే పరుగెత్తడానికి ఇదే కావాలి. రక్తంలో చక్కెర పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది, అత్యవసరం కాని పనులన్నీ ఒంట్లో వాయిదా పడతాయి. ఇల్లు కాలుతుంటే గోడలకు సున్నం వేసేవాళ్లు ఉండరు కదా, అలాగే ప్రమాదంలో ఉన్న ఒళ్లు ఎదుగుదలను పక్కన పెడుతుంది. కుక్క వెళ్లిపోయాక కార్టిసాల్ దిగిపోవాలి, ఒళ్లు మళ్లీ తన పని అందుకోవాలి. కుక్క వెళ్లకపోతే? అది ఇంట్లోనే, రోజూ రాత్రి తొమ్మిదింటికి తాళం చెవులు గలగలలాడిస్తూ లోపలికొస్తే? అప్పుడు ఆ వాయిదాకు ముగింపు ఉండదు.

ఇందులో నిద్ర పాత్ర ఎక్కువ, దాన్ని మనం తక్కువగా చూస్తాం. ఎదుగుదల హార్మోన్‌ను విడుదల చేసేది కూడా ఇదే పిట్యూటరీ గ్రంథి. పిల్లల్లో అది పెద్ద మొత్తంలో వచ్చేది రాత్రి గాఢనిద్రలో. అర్ధరాత్రి కేకలకు ఉలిక్కిపడి లేచే పిల్లాడికి, ఎప్పుడు ఎవరు వచ్చి పక్కలో పడుకుంటారో అని బిగుసుకుని పడుకునే పాపకు ఆ గాఢనిద్ర ఎక్కడిది? కార్టిసాల్ ఎక్కువ కాలం ఎక్కువగా ఉంటే ఎముకల చివర్ల సాగే చోట ఎదుగుదల మందగిస్తుంది, రోగనిరోధక శక్తి గాడి తప్పుతుంది. మాటిమాటికీ జలుబు, విరేచనాలు వచ్చే పిల్లాడికి తిన్న గుడ్డు ఒంటికి ఏం పడుతుంది?

ఈ సంగతి వైద్యపుస్తకాలకు ఎక్కింది 1967లో. అమెరికాలోని బాల్టిమోర్‌లో పావెల్, బ్రాసెల్, బ్లిజార్డ్ అనే వైద్యులు ఎదుగుదల ఆగిపోయిన 13 మంది పిల్లల గురించి రాశారు. పరీక్ష చేస్తే ఎదుగుదల హార్మోన్ తక్కువగా ఉంది. పుట్టుకతో పిట్యూటరీ లోపం ఉన్న పిల్లల్లాగే కనిపించారు. విచిత్రమైన ఆకలి, విపరీతమైన దాహం, ఇంట్లో నలిగిపోయిన బతుకులు. వాళ్లను ఇంటినుంచి తీసుకెళ్లి వేరే వైద్యశాలలో ఉంచితే, హార్మోన్ ఇంజెక్షన్ ఒక్కటీ ఇవ్వకుండానే మళ్లీ ఎదగడం మొదలుపెట్టారు. ఇంట్లో పరిస్థితి అలాగే ఉంచి ఇంజెక్షన్లు ఇస్తే మాత్రం పెద్దగా ఫలితం ఉండదని తర్వాత తేలింది. ఎత్తు పెరగని పిల్లల్ని నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎడమ మణికట్టుకు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, థైరాయిడ్ చూస్తారు, తిండి గురించి అడుగుతారు. "ఇంట్లో ఎవరికైనా భయపడతాడా?" అన్న ప్రశ్న కూడా ఆ పరీక్షల్లో ఒకటి కావాలి. ఆ ఒక్క ప్రశ్నకు ఎక్స్‌రే సాయం చేయదు, మనం నిజం చెప్పాలి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పకపోతే అన్యాయం చేసినట్టవుతుంది. పొట్టిగా ఉన్న ప్రతి పిల్లాడూ దెబ్బలు తింటున్నాడని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో అది 28 శాతం. ఇందులో ఎక్కువ భాగం తల్లుల రక్తహీనత, చాలని తిండి, మురికినీళ్లు, మాటిమాటికీ వచ్చే జబ్బుల వల్లే. బక్కచిక్కిన బిడ్డను చూసి తల్లిని అనుమానించడం మొదలుపెడితే అది ఇంకో రకం హింస అవుతుంది. నేననేది ఇంతే: అన్ని కారణాలూ వెతికి, ఇదొక్కటి మాత్రం వెతకడం మానేస్తున్నాం.

ఇక మెదడు సంగతి. బడిలో టీచర్లు అనే మాట ఒకటుంది, "ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు" అని. ఆ తల అప్పటికే వేరే పనిలో మునిగి ఉందేమో చూడాలి. నాన్న బండి శబ్దం వీధి మలుపులో వినగానే, అది వచ్చే వేగాన్ని బట్టి ఇవాళ తాగి వస్తున్నాడా లేదా అని చెప్పగల ఆరేళ్ల పిల్లలున్నారు ఈ నగరంలో. గేటు గడియ తీసిన తీరును బట్టి పుస్తకాలు ముందేసుకోవాలో, మంచం కింద దూరాలో తేల్చుకుంటారు. అమెరికాలో సెత్ పొలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశాడు. మసకగా ఉన్న ముఖాల ఫొటోలను కొంచెం కొంచెంగా స్పష్టం చేస్తూ పిల్లలకు చూపించాడు. దెబ్బలు తిన్న పిల్లలు మిగతావాళ్ల కంటే ముందే, ముఖం ఇంకా సరిగ్గా కనిపించకముందే, అందులోని కోపాన్ని పట్టేశారు. 2002లో వచ్చిన ఈ ఫలితం చదివినప్పుడు నాకు గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ పిల్లల మెదడు మొద్దుబారలేదు. తనకు నేర్పిన పాఠాన్ని అది అందరికంటే బాగా నేర్చుకుంది. కాకపోతే అది ఎక్కాల పాఠం కాదు.

మెదడు లోపల ప్రమాదాన్ని పసిగట్టే భాగం అమిగ్డలా. జ్ఞాపకాలను అమర్చిపెట్టేది హిప్పోకాంపస్. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆవేశాన్ని అదుపు చేసి, ఒక్క క్షణం ఆగి ఆలోచించమంటుంది. ఇది పూర్తిగా పక్వానికి రావడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. చిన్నతనంలో హింసకు గురైన పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసిన ఎన్నో అధ్యయనాల్లో హిప్పోకాంపస్ సగటున చిన్నగా, అమిగ్డలా బెదిరింపు ముఖాలకు ఎక్కువగా ఉలిక్కిపడేదిగా కనిపించింది. తరగతి గదిలో దీని అర్థం ఇది: పక్క పిల్లాడు పొరపాటున మోచేయి తగిలిస్తే అందరూ సర్దుకుంటారు, వీడు మాత్రం తిరిగి కొడతాడు. లేదా బిగుసుకుపోయి, పిలిచినా పలకడు. మొదటివాడికి "రౌడీ" అని, రెండోవాడికి "మొద్దు" అని పేరు పెడతాం. ఇద్దరిదీ ఒకటే భయం.

పట్టించుకోకుండా వదిలేసిన పిల్లల్లో నష్టం ఇంకో దారిలో జరుగుతుంది. వీళ్లకు ముప్పు రాలేదు, కానీ రావాల్సింది రాలేదు. పసిబిడ్డ "ఊఁ" అంటే అమ్మ "ఊఁ" అనాలి. ఆ బదులు పలకడంలోనే భాష పుడుతుంది. రుమేనియాలో నియంతృత్వ కాలం నాటి అనాథాశ్రమాల్లో ఒక్కో ఆయా చేతికింద ఎంతోమంది పిల్లలుండగా పలికేవాళ్లే కరువయ్యారు. 2000లో బుకారెస్ట్‌లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు 136 మంది పిల్లలను ఎంచుకుని, చీటీలు తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపారు. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల ఎత్తు, బరువు త్వరగానే పుంజుకున్నాయి. తెలివితేటలు, మనుషులతో ముడి పడటం మాత్రం రెండేళ్ల వయసు లోపు వెళ్లినవాళ్లలో ఎక్కువగా బాగుపడ్డాయి. ఒళ్లు కోలుకున్నంత వేగంగా మనసు కోలుకోదన్న సంగతి అక్కడ అంకెల్లో కనబడింది.

మాటల దెబ్బకు వద్దాం. హైదరాబాద్‌లో చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలో చెయ్యి చేసుకోవడం కొంత తగ్గి ఉండొచ్చు, మాట మాత్రం పదునెక్కింది. "నీ మీద పెట్టిన ఫీజు ఫ్లాటు మీద పెట్టినా బాగుండేది", "పక్కింటి పిల్లని చూసి నేర్చుకో", "నిన్ను కన్నందుకు నన్ను అనాలి". ఇంటర్ హాస్టళ్లలో వారం వారం మార్కులను బట్టి సెక్షన్ మార్చి, అందరి ముందు నిలబెట్టి అడగడం కూడా ఈ కోవలోదే. 2006లో అమెరికాలోని మెక్‌లీన్ ఆసుపత్రికి చెందిన మార్టిన్ టైషర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, తల్లిదండ్రుల తిట్లు ఒక్కటే అయినా అవి మనసు మీద చూపే ప్రభావం, ఇంట్లో కొట్లాటలు చూస్తూ పెరిగిన పిల్లల మీద కనిపించే ప్రభావంతో దాదాపు సమానమని తేలింది. ఒంటి మీద మచ్చ లేదు కాబట్టి హింస జరగలేదనుకోవడం మన పొరపాటు.

చూస్తూ పెరగడం గురించి ఒక అంకె నన్ను వదలదు. అదే 2019-21 సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సమంజసమేనన్న స్త్రీలు తెలంగాణలో 83.8 శాతం. దేశంలో అదే అత్యధికం. ఆ ఆడవాళ్లను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. వాళ్లూ ఒకప్పుడు గుమ్మం పక్కన నిలబడి చూసిన పిల్లలే.

లైంగిక హింస దగ్గర మన నోరు పూర్తిగా మూతపడుతుంది, అందుకే అంకెలతో మొదలుపెడతాను. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం విడుదల చేసింది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువ శాతం నమోదైన రాష్ట్రాల్లో, హైదరాబాద్ రాజధానిగా ఉన్న అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మగపిల్లలు కూడా ఆడపిల్లలంతగా ఇందులో ఉన్నారు. ఆ పనిచేసిన వాళ్లలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్లో, పిల్లలు నమ్మినవాళ్లో. ఎక్కువ మంది పిల్లలు ఎవరికీ చెప్పుకోలేదు. ఎలా చెబుతారు? "మామయ్యకు ముద్దుపెట్టు" అని బలవంతంగా ఒళ్లోకి తోసింది మనమే అయితే, ఆ ఒడి గురించి ఫిర్యాదు మన దగ్గరికే ఎలా తెస్తారు?

ఈ హింస ఒంటిని ఇంకోలా కూడా తోస్తుంది. అమెరికాలో పెనలోప్ ట్రికెట్, ఫ్రాంక్ పుట్నం, జెన్నీ నోల్ దశాబ్దాల పాటు వెంబడించి చేసిన అధ్యయనంలో, లైంగిక హింసకు గురైన బాలికల్లో యుక్తవయసు మార్పులు మిగతావారి కంటే సుమారు 8 నుంచి 12 నెలలు ముందుగా మొదలయ్యాయి. దెబ్బలు తిన్న పిల్లాడి ఎదుగుదల ఆగడం, ఈ పిల్ల ఒళ్లు తొందరపడటం ఎదురెదురుగా కనిపిస్తాయి కానీ, రెండింటి వెనకా అదే ఒత్తిడి హార్మోన్ల గందరగోళం ఉండొచ్చు. త్వరగా పెద్దమనిషి అవ్వడానికి బరువు, వంశం లాంటి వేరే కారణాలు ఎన్నో ఉంటాయి కాబట్టి దీన్నొక్కదాన్నే గుర్తుగా పట్టుకోకూడదు. గమనించాల్సినవి వేరే ఉన్నాయి. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టడం. ఒక మనిషి వస్తున్నాడంటే కడుపునొప్పి అనడం. వయసుకు తెలియకూడని సంగతులు ఆటల్లో రావడం. ఉన్నట్టుండి మరీ బుద్ధిమంతులైపోవడం, దీన్ని మనం మెచ్చుకుంటాం కూడా.

పెద్దయ్యాక సంగతి చూస్తే, అమెరికాలోని శాన్‌డియేగోలో విన్సెంట్ ఫెలిటి అనే వైద్యుడు 1980ల్లో ఊబకాయం తగ్గించే క్లినిక్ నడిపేవాడు. బాగా బరువు తగ్గుతున్నవాళ్లే మధ్యలో మానేసి వెళ్లిపోతుంటే ఆశ్చర్యపోయి ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడాడు. చాలామంది చిన్నతనంలో లైంగిక హింసకు గురయ్యారని బయటపడింది. కొందరికి ఆ లావే ఒక రక్షణ. ఆయన, రాబర్ట్ ఆండా కలిసి 17,000 మందికి పైగా పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు, 1998 నుంచి ఫలితాలు ప్రచురించారు. నాలుగు అంతకంటే ఎక్కువ రకాల బాల్య కష్టాలు పడ్డవాళ్లలో తాగుడు, మత్తు, కుంగుబాటు, ఆత్మహత్యా ప్రయత్నం ముప్పు, అవేవీ లేనివాళ్లతో పోలిస్తే 4 నుంచి 12 రెట్లు ఎక్కువ. గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు కూడా ఎక్కువే. ఇవి గుంపుల లెక్కలు. ఒక్కో మనిషి తలరాత ఇందులో లేదు. తన బాల్యం గుర్తొచ్చి ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ వాక్యం రెండుసార్లు చదవమని కోరుతున్నాను.

"మేమూ దెబ్బలు తిని పెరిగాం, మాకేమైంది?" అని నన్ను ఎంతోమంది అడిగారు. గోడకుర్చీ వేశాం, గుంజీలు తీశాం, తొడపాశాలు తిన్నాం, మా తాతలకైతే బడిలో కోదండం వేసేవారు, అయినా ఉద్యోగాలు చేస్తున్నాం కదా అంటారు. దండం దశగుణం భవేత్ అని ఒక శ్లోకం ముక్క ఎలాగూ ఉంది. వాళ్లను నేను కొట్టిపారేయను. నిజంగానే చాలామంది నిలదొక్కుకున్నారు. కానీ నిలబెట్టింది ఆ దెబ్బే అని ఎలా చెప్పగలం? దెబ్బ తిన్నాక కన్నీళ్లు తుడిచి, అటుకులు బెల్లం చేతిలో పెట్టిన అమ్మమ్మ నిలబెట్టిందేమో. పిల్లల్ని చేత్తో కొట్టడం మీద అయిదు దశాబ్దాల పరిశోధనల్ని, 1,60,000 మందికి పైగా పిల్లల సమాచారాన్ని ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో ఒకచోట చేర్చి చూశారు. కొట్టడం వల్ల పిల్లలు మాట వింటున్నారనడానికి ఆధారం దొరకలేదు. మొండితనం, దూకుడు, కుంగుబాటు, తల్లిదండ్రులతో దూరం పెరగడంతో మాత్రం దానికి సంబంధం కనిపించింది. పైగా "మాకేమైంది" అనగలిగేది ఏమీ కానివాళ్లే. అయినవాళ్లు ఈ వాదనలోకి రాలేరు.

చట్టం ఏమంటుందో క్లుప్తంగా చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద, పిల్లల బాధ్యత చేతిలో ఉండి వాళ్లను హింసించినా, పట్టించుకోకుండా వదిలేసినా మూడేళ్ల దాకా జైలు. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం గురించి చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా సరే, పక్కింటివాళ్లయినా, టీచరయినా, డాక్టరయినా, పోలీసులకు తెలియజేయాల్సిందే. దాచిపెట్టడం కూడా నేరమే. పోలీసుస్టేషన్ అంటే భయపడేవాళ్ల కోసం అదే చట్టంలో ఏర్పాట్లున్నాయి. పిల్లల వాంగ్మూలాన్ని వాళ్ల ఇంట్లోనో, వాళ్లకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐ స్థాయి అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. హైదరాబాద్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. పోలీసు, వైద్యం, న్యాయసలహా, కౌన్సెలింగ్ ఒకే కప్పు కింద దొరికితే, పిల్లలు జరిగినదాన్ని పదిమందికి పదిసార్లు చెప్పుకునే నరకం తప్పుతుందన్నది దాని వెనక ఆలోచన. పిల్లల కోసం ఉన్న చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఏ ఫోన్ నుంచైనా ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది.

పిల్లలు ఎప్పుడైనా మన దగ్గర నోరు విప్పితే, మొదటి అరనిమిషంలో మన ముఖం ఎలా మారుతుందో వాళ్లు చూస్తారు. కోపాన్ని మసకలోనే పట్టేసే పిల్లలని ఇందాక చెప్పాను కదా. మన కోపం నేరం చేసినవాడి మీద అయినా, తన మీదేనని వాళ్లు అనుకుంటారు. అందుకని మెల్లగా, "చెప్పి మంచి పని చేశావు నాన్నా, ఇందులో నీ తప్పు లేదు" అంటే చాలు. నిజమేనా, ఎక్కడ, ఎన్నిసార్లు అని గుచ్చి గుచ్చి అడిగే పని మనది కాదు. "ఎవరికీ చెప్పకు" అనే మాట మాత్రం రానే కూడదు, నేరం చేసినవాడు కూడా ఆ పిల్లతో సరిగ్గా అదే మాట అని ఉంటాడు.

ఇక ఆ బోరబండ బాబు. ఆ రోజు నేను రిజిస్టరులో అంకెలు రాసి ఇంటికి వచ్చేశాను. "వాళ్లింటి విషయం" అని మూడు వారాలు ఊరుకున్నాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే పై మాటలన్నీ ఎవరికో చెబుతున్నట్టు ఉంటాయి. కదిలింది అంగన్‌వాడీ టీచరు. "మనం చూసినం గద మేడమ్, ఇంకెవరు చూడాలె?" అని ఆవిడే 1098కి చేసింది. బాలల సంరక్షణ విభాగం నుంచి ఇద్దరు వచ్చారు. తండ్రితో, తల్లితో విడివిడిగా మాట్లాడారు. అతన్ని తాగుడు మాన్పించే చోటికి పంపే ప్రయత్నం మొదలుపెట్టారు. తల్లి, బిడ్డ కొన్నాళ్లు అచ్చంపేట దగ్గర ఆమె పుట్టింటికి వెళ్లారు.

సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి వెళ్లొచ్చిన పిల్లలు ఒళ్లు చేసి వస్తారని మనం నవ్వుతూ అంటుంటాం. నెయ్యి వల్ల, గేదె పాల వల్ల అనుకుంటాం. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల తరబడి వెంబడించిన ఎమ్మీ వెర్నర్ కూడా చివరికి ఆ గుమ్మం దగ్గరికే వచ్చింది. పేదరికం, తాగుడు, గొడవలు ఉన్న ఇళ్లలో పుట్టి కూడా మూడో వంతు పిల్లలు చక్కని మనుషులయ్యారు. వాళ్లలో ఎక్కువ మందికి తల్లిదండ్రులు కాకపోతే తాతో, అమ్మమ్మో, టీచరో, తమను గట్టిగా నమ్మిన ఒక్క పెద్దమనిషైనా ఉన్నారు.

ఆ బాబు అయిదు నెలల తర్వాత మళ్లీ అంగన్‌వాడీకి వచ్చాడు. ఆ వయసు పిల్లలు ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లు ఎదుగుతారు, వాడు ఆ అయిదు నెలల్లోనే నాలుగు ఎదిగాడు. ఈసారి నేను ముందే మోకాళ్ల మీద కూర్చుని, అట్ట వాడి చేతికిచ్చి చూపించి, "ఇది నీ తల మీద పెడతాను, సరేనా?" అని అడిగాను. తలూపాడు. కళ్లు తెరిచే నిలబడ్డాడు. అట్ట ఆనించి గీత చూస్తుండగా బయట సందులో ఒక బండి ఆగిన చప్పుడైంది. వాడు కదల్లేదు, కానీ అట్ట కింద వాడి తల మెల్లగా తలుపు వైపు తిరిగింది. బండి మళ్లీ కదిలి వెళ్లిపోయేదాకా అటే చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, తన ఎత్తు ఎంతొచ్చిందని అడిగాడు.